నలభై ఏడో బోను

"సంచీ ముట్టుకోవద్దు. కుర్చీలోంచి లేవద్దు. ఒకటిన్నరకల్లా పోలీసులొస్తారు. ఈలోపు పిల్లి ఎక్కడుందో చెప్పేస్తే మీకే మంచిది."

హాల్లోకి అడుగుపెడుతూ డిటెక్టివ్ విన్న మొదటి మాటలవి. ఆ గొంతు ఎవరిదో చూడక్కర్లేకపోయింది. చిటికెది.

అది అతని అసలు పేరు కాదు. ఏ కేసైనా చిటికెలో తేలుస్తానని చెప్పుకుంటూ తిరిగేవాడు కాబట్టి అదే పేరుగా నిలిచిపోయింది. ఈ డిటెక్టివ్‌కి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు నిదానం. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, రిటైరై సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నా ఆ పేరు ఆమె వెనకే వచ్చింది. ఒకప్పుడు చిటికె ఆమె కిందే పనిచేశాడు. రిపోర్టు రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలకీ క్లబ్బులకీ విచారణలు చేసిపెడుతున్నాడు.

టైము పన్నెండు నలభై.

హాలంతా వరసలు వరసలుగా బోనులు. నూటపదికి పైగా ఉంటాయి. ఒక్కో బోనుకి ఒక్కో రంగు తెర, ముందు నంబరు అట్ట, లోపల ఒక పిల్లి. పిల్లుల పోటీ అది. అందరూ తమ బోను దగ్గర నిలబడి ఒకే వైపు చూస్తున్నారు. నలభై ఏడో నంబరు బోను ఖాళీగా ఉంది. దాని పక్కన నలభై ఎనిమిదో బోను ముందు ప్లాస్టిక్ కుర్చీలో దర్జీ కూర్చుని ఉంది. ఒళ్ళో నల్లపిల్లి. ఒక చెవి కొస చిరిగి ఉంది దానికి.

"నేను తియ్యలేదక్కా," అంది దర్జీ.

"తెలుసు. ముందు కాసిని నీళ్ళు తాగు."

"తెలుసంటే ఎలా తెలుసు మేడమ్?" చిటికె నవ్వాడు.

"ఎనిమిదేళ్ళుగా నా బట్టలు కుట్టేది ఈవిడే. మిగిలిన జానెడు గుడ్డ కూడా మడతపెట్టి తిరిగిచ్చేస్తుంది."

"అది సాక్ష్యం కాదు."

"కాదు. అందుకే వచ్చాను. నీ దగ్గరున్న సాక్ష్యం చెప్పు."

చిటికె వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పోయింది దూది. తెల్లటి పిల్లి, నీలి కళ్ళు, మూడేళ్ళుగా వరసగా ఈ పోటీలో మొదటి బహుమతి దానిదే. యజమాని క్లబ్బు అధ్యక్షురాలు. పదకొండు ఇరవైకి బోనులో ఉండగా చూసినవాళ్ళున్నారు. పదకొండు నలభై అయిదుకి అధ్యక్షురాలు వచ్చి తెర తీస్తే లేదు. పదకొండు యాభైకి గేట్లు మూశారు. పన్నెండూ పదికి దర్జీ సూదుల సంచీలో దూది మెడ రిబ్బను దొరికింది.

"అయిపోయింది," అంటూ అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో వేలెడు వెడల్పున నీలం మఖమల్ రిబ్బను. "పోటీకి కొత్త. మొదటిసారి. పక్క బోనే. వీధిలో దొరికిన పిల్లిని పట్టుకొచ్చి రాణిగారి పక్కన కూర్చోబెడితే కడుపు మండదా?"

"పిల్లి ఏది?"

"తోడుదొంగ ఎవరో ఉంటారు. పోలీసులు అడిగితే వాళ్ళకి చెప్తుంది."

అప్పటిదాకా వెనక నిలబడ్డ అధ్యక్షురాలు ముందుకొచ్చింది. యాభై దాటిన మనిషి. జుట్టు చెదరలేదు, చీర మడత నలగలేదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఆ రిబ్బను నాకిచ్చేస్తారా? నా చేత్తో కట్టింది," అంది.

"ఇచ్చేస్తాను మేడమ్. పోలీసులకి ఒకసారి చూపించి..."

"ఫొటో తీసుకోండి చాలదూ? దాన్ని చూస్తే నాకు... దయచేసి. దూది ఎక్కడుందో ఏమో. కనీసం ఆ రిబ్బనైనా నా దగ్గర ఉండనివ్వండి."

చిటికె చెయ్యి కవరు మూత మీదకి వెళ్ళింది.

"ఉంచు," అంది నిదానం.

గట్టిగా అనలేదు. పాత అలవాటు కొద్దీ అతని చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి తెలిసి అతనికి ఒళ్ళు మండింది.

"క్లబ్బు నన్ను పిలిచింది మేడమ్. మిమ్మల్నెవరూ పిలవలేదు."

"ఈవిడ పిలిచింది. ఒకటిన్నర దాకా నాకు టైముంది కదా. ఆ కవరు నీ జేబులోనే ఉండనీ, ఎవరికీ ఇవ్వకు. నేను తప్పయితే అందరి ముందూ ఒప్పుకుంటాను. సరేనా?"

ఆ చివరి మాట అతనికి నచ్చింది. కవరు జేబులో పెట్టుకున్నాడు.

నిదానం కుర్చీ లాక్కుని దర్జీ ఎదురుగా కూర్చుంది. పోయిన పిల్లి గురించి అడగలేదు.

"అసలు నీకీ సరదా ఎప్పణ్ణించి? ఎనిమిదేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే."

దర్జీ కాస్త తేరుకుంది. "ఏడాది కిందట ఈ బొగ్గు దొరికిందక్కా. షాపు వెనక గుడ్డపీలికల బస్తాలో. అరచేతిలో పట్టేంత. ఒక కస్టమరు చూసి, దీని నడక బాగుంది, పోటీకి తీసుకెళ్ళరాదా అంది. నవ్వాను. జాతి లేదు, గోత్రం లేదు, పైగా చెవి చిరిగింది, దీన్నెవరు చూస్తారన్నాను. ఇంట్లో పెంచుకునే మామూలు పిల్లులకి వేరే తరగతి ఉంటుందట. జాతి చూడరట. ఒంటి శుభ్రం, ఆరోగ్యం, మనుషుల దగ్గర మసలుకునే తీరు, అంతే చూస్తారట."

"తీసుకొచ్చేశావా?"

"అమ్మో, వెంటనే కాదు. ముందొకసారి బొగ్గుని ఇంట్లో వదిలి నేనొక్కదాన్నే వచ్చి చూశాను. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి ఎవరు ఏం చేస్తున్నారో చూసి అడిగాను. కొందరు విసుక్కున్నారు. కొందరు కూర్చోబెట్టి చెప్పారు. పోటీకి మూడు రోజుల ముందు స్నానం, ముందు రోజు గోళ్ళు. టీకాల కాగితం మర్చిపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం అలవాటు చెయ్యడమట. కొత్త చేతులు, బోను, చప్పుళ్ళు. నాలుగు నెలలు అదే పని. షాపుకొచ్చిన ప్రతి కస్టమరునీ ఒకసారి దీన్ని ఎత్తుకోమని బతిమాలాను. కొలతలివ్వడానికొచ్చి పిల్లిని మోసుకెళ్తున్నామని నవ్వేవాళ్ళు." దర్జీ ముఖంలోకి రాబోయిన నవ్వు సగంలో ఆగిపోయింది. "అన్నీ రాసుకున్నానక్కా. దేనికి బెదిరింది, ఎంతసేపటికి తేరుకుంది అని."

"ఇవాళ కూడా రాశావా?"

దర్జీ చిటికె వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. నిదానం దర్జీ సంచీలోంచి అట్ట లేని చిన్న నోటుపుస్తకం తీసింది. ఒక పక్క జాకెట్టు కొలతలు, రెండో పక్క పిల్లి సంగతులు. చివరి పేజీ ఇవాళ్టిది. నిదానం మెల్లగా చదివి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది.

"ఎనిమిది నలభై: డాక్టరు చూశాడు. బొగ్గు ఏం అనలేదు. తొమ్మిదీ పది: మైకు పెట్టారు, గుయ్యిమంది. బొగ్గు నా చంకలో దూరింది. పక్కనున్న రాణిగారు కూడా ఎగిరి వెనక మూలకి పోయింది. అంత పెద్ద పిల్లే భయపడితే మాదెంత! పదకొండు: మైకులో మళ్ళీ, పెద్ద జడ్జి మారారట. బొగ్గు చెవి తిప్పింది కానీ బెదరలేదు. పక్కది వణికింది. పదకొండు ఇరవై: మా తరగతిని పిలిచారు."

"తర్వాత?"

"బొగ్గుని తీసుకుని, జడ్జి పిల్లుల్ని చూసే రింగుకి వెళ్ళాను. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. పదకొండు ముప్పై ఎనిమిదికి తిరిగొచ్చాను. రెండు బోనుల మధ్య నేల మీద ఈ రిబ్బను పడుంది. పక్క బోను తెర మూసి ఉంది, నిద్రపోతోందేమో అనుకున్నాను. రిబ్బను అంచు కుట్టు వదిలింది. రెండు కుట్లు వేసి ఇద్దామని సూదుల సంచీలో పెట్టాను. అంతలో గొడవైపోయింది."

"పద్దెనిమిది నిమిషాలు లేదు సరే," చిటికె అందుకున్నాడు. "ముప్పై ఎనిమిదికి వచ్చింది. నలభై అయిదుకి పిల్లి పోయిందని తెలిసింది. ఏడు నిమిషాలు. చాలదా?"

నిదానం లేచి నలభై ఏడో బోను ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

తొందరపడకుండా చూసింది. నీళ్ళగిన్నె అంచు దాకా నిండుగా ఉంది. ఇసుక పళ్ళెంలో ఒక్క అడుగు జాడ కూడా లేదు. మధ్యలో పట్టు దిండు, దాని మీద ఒక్క వెంట్రుక లేదు. వెనక మూలలో, కింద, రెండు కడ్డీల మధ్య తెల్లబొచ్చు ఒత్తుకుపోయి ఉంది. దాన్ని వేలితో తాకింది. పొద్దున్నించి ఒకే చోట ముడుచుకు కూర్చున్న పిల్లి బొచ్చు.

"ఇది ఎన్ని పోటీలు చూసింది?" అని వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇరవైకి పైనే," అంది అధ్యక్షురాలు.

"తలుపు గొళ్ళెం మీరొచ్చేసరికి ఎలా ఉంది?"

"వేసే ఉంది."

"తెర?"

"అదీ మూసే ఉంది. తాళ్ళు ముడివేసి..." అధ్యక్షురాలు మాట ఆపింది.

"తాళ్ళు ముడివేసి," నిదానం ఆ మాట పూర్తి చేసింది. "తెర పక్కకి లాగినా ముడి ఊడలేదు. చూడు, ఎంత ముచ్చటగా పువ్వులా వేశారో. పైన తెర కట్టిన ముడుల్లాగే. దొంగతనానికొచ్చినవాళ్ళు ఒక చేత్తో గింజుకునే పిల్లిని పట్టుకుని రెండో చేత్తో పువ్వుముడి వేస్తారా?"

"దర్జీలకి ముడులు వెయ్యడం వెన్నతో పెట్టిన విద్య," అన్నాడు చిటికె.

"సరే, అలాగే అనుకో. ఏడు నిమిషాల్లో దిండంత పిల్లిని ఎక్కడ దాచింది? మీరు హాలంతా వెతికారుగా."

"గేటు మూయకముందే బయటికి పంపించేసింది."

"అయితే గేటు దగ్గరికి వెళ్దాం పద."

"మేడమ్, మీరిలా ఒక్కో గింజా ఏరుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకే మీ ఫైళ్ళు సగం నేను మూయాల్సొచ్చేది."

"నువ్వు మూసిన ఫైళ్ళు తర్వాత ఎన్ని తెరుచుకున్నాయో నేను లెక్కపెట్టలేదు. నువ్వూ పెట్టొద్దు. నడు."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. చిటికె ముఖం కందిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నోటుపుస్తకం చాపాడు. పదకొండు ఇరవై నుంచి యాభై దాకా బయటికెళ్ళింది నలుగురు. ముగ్గురి సంచీలు విప్పించి చూశాడు. నాలుగో పేరు పక్కన 'చూసినట్టు' గుర్తు లేదు.

"అధ్యక్షురాలమ్మగారండీ. పదకొండు ఇరవై ఎనిమిదికి వెళ్ళారు, నలభైకి వచ్చారు. దువ్వెనలూ అవీ పెట్టుకునే చక్రాల బండి తోసుకెళ్ళారు. పైన తువ్వాలు కప్పి ఉంది. ఆవిణ్ణి ఆపి తువ్వాలెత్తమని అడుగుతానా అండీ?"

చిటికె కసురుకున్నాడు. "సొమ్ము పోయినవాళ్ళ సంచీ ఎవరు వెతుకుతారయ్యా?"

"ఎవరూ వెతకరు," అంది నిదానం. "అదే చూస్తున్నాను."

"మేడమ్! పిల్లి ఆవిడది. బహుమతి ఆవిడకే వచ్చేది. తన పిల్లిని తనే ఎందుకు మాయం చేస్తుంది?"

నిజంగా మంచి ప్రశ్న. నిదానం దాన్ని తోసిపుచ్చలేదు. గేటు పక్కనున్న బల్ల మీద కూర్చుని వాచ్‌మన్ నోటుపుస్తకం వైపు చూసింది. పదకొండు ఇరవై ఎనిమిదికి ముందు ఏం జరిగింది? దర్జీ రాసిందే. పదకొండింటికి పెద్ద జడ్జి మారారు.

"ఆ కొత్త జడ్జిని చూద్దాం."

పెద్ద జడ్జి డెబ్బై దాటిన మనిషి. వేరే గదిలో తెల్లకోటు విప్పకుండానే కాఫీ తాగుతున్నాడు. రావలసిన జడ్జికి రైలు తప్పిపోతే, ఊళ్ళోనే ఉన్న తనని పొద్దున ఫోన్ చేసి పిలిచారని చెప్పాడు.

"దూదిని మీరు ఇదివరకు చూశారా?"

"దాని మొట్టమొదటి పోటీకి జడ్జిని నేనే. ఎనిమిది నెలల పిల్ల. ఎంత నిబ్బరమో! పక్కన ఇనపరేకు పడితే హాలంతా ఉలిక్కిపడింది, అది మాత్రం కళ్ళు కూడా ఆర్పలేదు. అనుమానమొచ్చి వెనకనించి చెవి దగ్గర చప్పట్లు కొట్టాను. కదల్లేదు."

నిదానం కుర్చీలో ముందుకి జరిగింది. "అంటే?"

"చెవుడమ్మా. పుట్టు చెవుడు. తెల్లబొచ్చూ నీలికళ్ళూ ఉన్నవాటిలో చాలావాటికి ఉంటుంది. అధ్యక్షురాలు ఎవరితోనూ అనొద్దని బతిమాలింది, లోపమంటారని. ఆ తరగతి నిబంధనల్లో వినికిడి ఊసు లేదు కాబట్టి నేనూ అనలేదు. ఇవాళ మీరడిగారు కాబట్టి చెప్తున్నాను."

చిటికె చేతిలోని పెన్ను ఆగిపోయింది. నిదానం దర్జీ నోటుపుస్తకం తెరిచి అతని ముందు పెట్టి, తొమ్మిదీ పది దగ్గర వేలు ఉంచింది.

"చెవిటిపిల్లి మైకు చప్పుడుకి ఎగిరిపడిందట. చదువు."

అతను చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"పొద్దున్నించి బోనులో ఉన్నది దూది కాదా?" గొంతు తగ్గింది అతనిది. అంతలోనే తేరుకున్నాడు. "కాదు, కాదు. పొద్దున డాక్టరు ప్రతి పిల్లికీ చిప్ చూశాడు. మెడ వెనక తోలు కింద బియ్యపుగింజంత ఉంటుంది, అందులో నంబరు. దూది నంబరే వచ్చింది. చిప్ అబద్ధం చెప్పదు."

"చిప్ చెప్పదు. రిబ్బను తియ్యి."

దర్జీని పిలిచారు. బొగ్గుని చంకనేసుకునే వచ్చింది. ఆమె రిబ్బనుని చేత్తో ముట్టుకోలేదు, కవరుతోనే వెలుగుకి పెట్టి చూసింది.

"రెండంచులూ మిషను కుట్టక్కా. ఇక్కడ, మెడ వెనక్కొచ్చే చోట అంగుళం మేర విప్పి మళ్ళీ చేత్తో కుట్టారు. దారం రంగు ఒకటే కానీ పురి వేరు. కుట్టింది దర్జీలు కాదు. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, ముడి పైకే కనిపిస్తోంది. పొద్దున ఇదే వదిలిందనుకున్నాను." బొటనవేలితో నెమ్మదిగా నొక్కింది. "లోపలేదో ఉంది. గింజలాగా."

డాక్టరు చిప్ చదివే యంత్రం తెచ్చి రిబ్బను మీద పెట్టాడు. అది కీచుమంది. డాక్టరు దాని మీది అంకెలు చూశాడు.

"దూది నంబరే. పొద్దున మెడ మీద పెట్టగానే కూసింది. ఒకసారి కూశాక ఇంకేం చూస్తాం అని..." అన్నాడు.

టైము ఒంటిగంటా అయిదు.

కమిటీ గదిలో అధ్యక్షురాలు ఒక్కతే కూర్చుని ఉంది. గోడ మీద మూడేళ్ళ ఫొటోలు మూడున్నాయి, మూడింటిలోనూ ఒళ్ళో తెల్లపిల్లి. నిదానం తలుపు దగ్గరగా వేసింది. చిటికె గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొదటిసారి అతను ముందు మాట్లాడలేదు.

"మీరు నాతో పిల్లి గురించి ఒకసారి అన్నారు. రిబ్బను గురించి మూడుసార్లు అన్నారు," అంది నిదానం. "దూది ఎప్పుడు పోయింది?"

అధ్యక్షురాలు గోడ మీది ఫొటోల వైపు చూసింది. బుకాయించడానికి మాటలు వెతుక్కుంటోందని చిటికె అనుకున్నాడు. ఆమె వెతుక్కుంటున్నది అది కాదు.

"రెండు నెలల ఇరవై రోజులైంది," అంది చివరికి. "మూత్రపిండాలు పాడయ్యాయి. నాలుగు రోజులు నా మంచం మీదే ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటి దగ్గరి పశువుల డాక్టరు గుర్తుగా ఉంచుకోమని చిప్ తీసిచ్చాడు. నిజంగా గుర్తుకే అడిగాను అప్పుడు. తర్వాత క్లబ్బువాళ్ళు, ఈసారి కూడా దూదేనా అని అడగడం మొదలెట్టారు. అవునన్నాను. అది పోయిందని చెప్పలేకపోయానండీ. నేను ఎవరి తల్లినీ కాదు, ఎవరి అక్కనీ కాదు. ఎక్కడికెళ్ళినా దూది వాళ్ళమ్మ అనేవాళ్ళు. అది పోతే నన్నేమని పిలుస్తారు?"

"అందుకని అలాంటిదే ఇంకోటి తెచ్చుకున్నారు."

"అచ్చంగా అలాగే ఉంది. పొద్దున మైకు పెట్టినప్పుడు దాని వణుకు చూసి నా గుండె జారిపోయింది. పదకొండింటికి పెద్దాయన జడ్జి అన్నారు. చెవుడు సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కరే. బండిలో పెట్టి కార్లోకి చేర్చాను. గింజుకుంది. రిబ్బను ఊడిన సంగతి కారు దగ్గరికెళ్ళాక చూసుకున్నాను. తిరిగొచ్చి వెతికితే కనపడలేదు. అప్పుడు ఇక అరవక తప్పలేదు."

"అరిచారు సరే. పన్నెండూ పదికి ఈ దర్జీని దొంగ అన్నప్పుడు?"

అధ్యక్షురాలు తల దించుకుంది.

"నేననలేదు."

"మీరు కాదనలేదు," అంది నిదానం. "ఆవిడ నాలుగు నెలలు కష్టపడి ఇక్కడికొచ్చింది. మొదటిరోజే అందరి ముందూ దొంగైపోయింది. రేపణ్ణించి ఆవిడకి గుడ్డ ఇచ్చేదెవరు? మీ పిల్లి పోతే మీరెవరో మీకు తెలియలేదన్నారు. ఆవిడ పేరు పోతే ఆవిడెవరవుతుంది?"

అధ్యక్షురాలు లేచి, కళ్ళు తుడుచుకోకుండానే హాల్లోకి నడిచింది. మైకు అందుకుంది. మూడే మాటలు చెప్పింది. దొంగతనం జరగలేదని, పిల్లి తన కార్లోనే ఉందని, తప్పంతా తనదేనని. తర్వాత దర్జీ దగ్గరికి వెళ్ళి ఏదో అంది. అదేమిటో పక్కవాళ్ళకి వినపడలేదు. దర్జీ తల ఊపలేదు. "ముందు ఆ పిల్లిని బయటికి తియ్యండమ్మా. ఎండెక్కింది," అంది.

అందరూ ఒక్కసారి కదిలారు. కారు నీడలోనే ఉంది, అద్దాలు నాలుగు వేళ్ళ మేర దించి ఉన్నాయి. బుట్టలో తెల్లపిల్లి నోరు తెరిచి రొప్పుతోంది. డాక్టరు దాన్ని లోపలి గదిలోకి తెచ్చి, తడిగుడ్డతో పాదాలు అద్ది, చుక్క చుక్కగా నీళ్ళు పట్టాడు. పది నిమిషాలకి రొప్పు తగ్గింది. చిటికె పోలీసులకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఫోన్ పెట్టి దర్జీ వైపు చూశాడు.

"క్షమించండి," అన్నాడు. ఆ మాటకి అలవాటు లేని నోరు.

"నా సూదుల సంచీ ఇప్పించండి చాలు," అంది దర్జీ.

ఇంతలో ఒకామె రింగు నుంచి బొగ్గు ఫలితం రాసిన అట్ట తెచ్చింది. గొడవలో ఎవరూ దాన్ని చూడలేదు. జడ్జి చేతిరాతలో: 'ఒళ్ళు శుభ్రం. కొత్తవాళ్ళ చేతుల్లో నిబ్బరం. పెంచినవారి ఓపిక కనిపిస్తోంది. మూడో స్థానం.' దర్జీ అట్టని తిరగేసి మరగేసి చదివి, ఇంకేం చెయ్యాలో తోచక బొగ్గుకే చూపించింది. అది వాసన చూసి ముఖం తిప్పుకుంది.

నిదానానికి నవ్వొచ్చింది. తన పని అయిపోయింది. చేతిసంచీ తీసుకుంది.

లోపల యంత్రం కీచుమంది.

డాక్టరు తెల్లపిల్లి ముందుకాలి దగ్గర యంత్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈసారి ఒళ్ళంతా చూద్దామనిపించింది," అన్నాడు. "దీనికి దీని చిప్ ఉంది. మెడ నుంచి కిందకి జారిపోయింది. ఒక్కోసారి జారుతుంది. దీనికి ఇంకో నంబరు, ఇంకో యజమాని ఉన్నారు."

"కనుక్కోండి," అంది నిదానం.

చిప్‌లు నమోదు చేసే ఆఫీసుకి డాక్టరు ఫోన్ చేసి పదిహేను అంకెలూ చదివాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల ఒకమ్మాయి గొంతు.

"పిల్లి పేరు పల్లవి అండీ. యజమాని సంగీతం టీచరుగారు. రైలు గేటు వీధి, మందుల షాపు పైన మూడో అంతస్తు. పిల్లి పోయిందని ఎవరూ చెప్పలేదండీ. ఆవిడ నంబరుకి చేస్తే మోగుతోంది కానీ ఎవరూ ఎత్తట్లేదు."

"ఎత్తరు," అన్నాడు చిటికె.

అందరూ అతని వైపు తిరిగారు. అతను గోడ మీద చెయ్యి ఆనించాడు.

"ఆవిడ పోయి రెండు నెలలైంది. మెట్ల మీంచి జారిపడింది. ఇన్సూరెన్సు విచారణ నాదే. ప్రమాదమని రెండు రోజుల్లో రాసిచ్చాను. ఇంట్లో వస్తువు పోలేదు, బీరువా తాళం తియ్యలేదు. పిల్లి... పిల్లి లేదు. నేనే గదులన్నీ తిరిగి చూశాను."

"వంటింట్లో కింద గిన్నెలున్నాయా?"

అతను కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాడు. "రెండు చిన్నవి. గోడవారగా. పట్టించుకోలేదు."

నిదానం ఆ మాట పట్టుకుని అతన్ని పొడవలేదు. అధ్యక్షురాలి వైపు తిరిగింది. "దీన్ని మీకెవరిచ్చారు?"

"ఒకాయన. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెల్లపిల్లి కావాలని నేను నలుగురికీ చెప్పి ఉంచాను. వాళ్ళ మేనత్త పిల్లి అన్నాడు. ఆవిడిక దీన్ని చూసుకోలేదన్నాడు. జబ్బేమోనని నేను ఇంకేం అడగలేదు."

"మేనల్లుడు ఒక్కడే," చిటికె గొణిగాడు. "డబ్బంతా అతనికే వచ్చింది. ఆ రోజు ఊళ్ళో లేనన్నాడు. నేను నమ్మాను."

"ఎప్పుడు తెచ్చిచ్చాడు?" నిదానం అధ్యక్షురాలినే అడిగింది. "తారీఖు, టైము. తొందర లేదు, ఆలోచించి చెప్పండి."

"ఆలోచించక్కర్లేదు. రెండు నెలల కిందట, పదిహేడో తారీఖు. నాలుగన్నరకి కమిటీ మీటింగు పెట్టుకున్నాను, దానికి ముందే వచ్చాడు. నాలుగింటికి."

చిటికె నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. "ఆవిడ పడిందీ పదిహేడునే. కానీ నాలుగింటికి ఆవిడ ఇంట్లో లేదు. స్కూల్లో పిల్లలకి పాట నేర్పుతోంది. యాభై మంది చూశారు. అయిదున్నరకి బయల్దేరింది. నా రిపోర్టులో నేనే రాశాను."

"పడిన చప్పుడు పక్కింటివాళ్ళు ఎన్నింటికి విన్నారు?"

"ఆరుంబావుకి."

నిదానం చేతిసంచీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"నాలుగింటికి ఆవిడ నిక్షేపంలా పాట చెప్తోంది," అంది. "ఆవిడిక పిల్లిని చూసుకోలేదని అతనికి అప్పటికే తెలుసు."